మా పేట ఇటాలియన్ హోటలు, అయిదో కుర్చీ

సంపాదకుల వారు ఈ మధ్య కనిపించినప్పుడల్లా, "ఆరోగ్యం మీద ఏదైనా రాయండి డాక్టరు గారూ" అని అడుగుతూ వున్నారు. రక్తపోటు గురించీ కొలెస్టరాల్ గురించీ రాస్తే ఎవరు చదువుతారులే అని మేము తప్పించుకు తిరుగుతున్నాము. చివరికి మా ఇంట్లోనే సభ జరిగింది. "మన వీధి చివర పిజ్జా హోటలు గురించి రాయండి" అని పిల్లలిద్దరూ తీర్మానం చేశారు. మావారు బలపరిచారు. ఆలోచించి చూస్తే ఆరోగ్యం సంగతి అందులోనే వస్తుంది. మేము సిగ్గుపడవలసిన సంగతి ఒకటి కూడా అందులోనే వస్తుంది. ముందు తిండి విషయం చెప్పి, తర్వాత దాని దగ్గరికి వస్తాము.

కువైట్‌లోని ఆరు గవర్నరేట్లలో మన ముబారక్ అల్ కబీర్ అన్నిటికన్నా చిన్నవాడు, వయసులో. 1999లో ఏర్పడింది. 1896 నుంచి 1915 దాకా ఈ దేశాన్ని ఏలిన షేక్ ముబారక్ పేరు పెట్టారు. కబీర్ అంటే గొప్పవాడని అర్థం. అదాన్, కురైన్, కుసూర్, మెసీలా, ఫునైతీస్ వగైరా పేటలన్నీ ఇందులోవే. మేము వుండేది సబాహ్ అల్ సాలెంలో, అద్దె ఇళ్ళ వైపు. మీకందరికీ తెలిసిన ఏర్పాటే: పేటకొక జమయ్య, జమయ్య చుట్టూ చాకలి కొట్టు, మంగలి షాపు, మందుల షాపు, రొట్టెల బట్టీ. ఆ వరుస చివర వుంది మా ఇటాలియన్ హోటలు. పేరు రాయము. పేరు రాస్తే మరుసటి గురువారం మాకు బల్ల దొరకదు.

పెద్ద హోటలేమీ కాదు. పన్నెండు బల్లలు, ఎర్ర గళ్ళ గుడ్డలు, గోడ మీద వెనిస్ పడవల బొమ్మ, పైకప్పు నుంచి వేలాడే ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు. తలుపు పక్కన ఒక చేపల తొట్టి, దాని ముందు ఒక చెక్క బెంచీ. ఈ బెంచీని చదువరులు కాస్త గుర్తుంచుకోవాలి. ద్రాక్షలు వేలాడుతున్నాయి కదా అని ద్రాక్షసారా వుంటుందనుకోకండి. ఈ దేశంలో మద్యం 1960ల నుంచీ నిషేధం. ఇటలీ వాళ్ళు సారా పోసుకునే గాజు గ్లాసుల్లో ఇక్కడ పుదీనా వేసిన నిమ్మరసం ఇస్తారు. మా అబ్బాయికి అయిదేళ్ళు. వాడు ఆ గ్లాసు ఎత్తి పట్టుకుని పెద్దమనిషి తరహాగా తాగడం చూడవలసిన దృశ్యం.

పొయ్యి దగ్గర పిండి ఎగరేసేది ఈజిప్టు ఆయన. వడ్డించేది నేపాలు కుర్రవాడు. డబ్బు పెట్టె దగ్గర కూర్చునేది లెబనాను పెద్దమనిషి. మోటారు సైకిలు మీద ఇళ్ళకు చేరవేసేది మన నిజామాబాదు అబ్బాయి. "ఇందులో ఇటలీ ఎక్కడ?" అని మావారు ఒకసారి సరదాగా అడిగితే, ఆ లెబనాను ఆయన నవ్వి, "ఆలివ్ నూనె డబ్బా ఒక్కటే సార్" అన్నాడు.

ఏమి తినాలి, ఏమి చూసుకోవాలి

మనవాళ్ళు ఈ హోటళ్ళకు కొత్తగా వెళ్ళినప్పుడు ఆ పేర్లు చూసి బెదిరిపోతారు. నిజానికి ఇందులో మనకు తెలియని సరుకు దాదాపు ఏదీ లేదు. పాస్తా అంటే గట్టి గోధుమ రవ్వ. మన ఇళ్ళల్లో బన్సీ రవ్వ అంటామే, అదీ ఇదీ ఒకే జాతి గోధుమ. సేమ్యాకు వాళ్ళ పేరు వెర్మిచెల్లి. చిన్న పురుగులు అని అర్థం. ఈ అర్థం మా అమ్మాయికి చెప్పి మేము పొరపాటు చేశాము. రెండు నెలలు పాయసం ముట్టలేదు.

అసలైన మొజరెల్లా జున్ను గేదె పాలతో చేస్తారు. నేపుల్స్ నగరమున్న కంపానియా ప్రాంతంలో అందుకోసమే గేదెల మందలను పెంచుతారు. గేదె పాల పెరుగు తిని పెరిగిన మనం దాన్ని పరాయి వస్తువు అనుకోవడం అన్యాయం. అయితే పేట హోటళ్ళలో వేసేది చాలావరకు ఆవుపాలదే. ఇక ఆకుపచ్చ పెస్టో ముద్దలో పడేది తులసికి దగ్గర చుట్టం, మనం రుద్రజడ అంటాము. సబ్జా గింజలు ఆ మొక్కవే. మా అత్తగారు వచ్చినప్పుడు ఈ సంగతి తెలిసి, "తులసి కోటలో వుండవలసిన దాన్ని నూనెలో రుబ్బారా" అని ఒక దణ్ణం పెట్టి, తర్వాత రెండు సార్లు వడ్డించుకున్నారు.

టమాటా సంగతి ఇంకా విచిత్రం. అది లేకుండా ఇటలీ వంట లేదనుకుంటాము. కాని అది అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరిన వలస మొక్క. మన దేశానికి కూడా సముద్రం దాటే వచ్చింది. మన పెద్దవాళ్ళు కొందరు రామములగ అని పిలిచేవారు. వచ్చిన చోట ఇంతగా నాటుకుపోయి, అసలు ఆ ఊరిదేనేమో అనిపించుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. మనం ఇక్కడ ఇన్నేళ్ళుగా వుంటున్నాము కదా, టమాటాను చూస్తే కొంచెం ఈర్ష్యగానే వుంటుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. పెప్పరోనీ అని రాసి వుంటే మిరియాలు కాబోలనుకుని తెప్పించుకోకండి. అది మాంసపు ముక్క. ఇక్కడ పందిమాంసం వుండదు గనుక మామూలుగా గొడ్డుమాంసంతో చేస్తారు. లసానియాలోనూ, బొలొనేజ్ అన్నదానిలోనూ మామూలుగా అదే. మినెస్ట్రోనీ కూరగాయల చారే అయినా, అందులో పోసిన నీళ్ళు కోడి ఉడికించిన నీళ్ళేమో అడగాలి. అసలైన పార్మజానో జున్నును దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు; నిష్ఠగా శాకాహారం పాటించేవారు ఆ పొడి చల్లవద్దని ముందే చెప్పాలి. మేము చెప్పినప్పుడు ఆ నేపాలు కుర్రవాడు ఎన్నడూ విసుక్కోలేదు.

డాక్టరుగా మరొక్క మాట. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లెక్కల్లో కువైట్‌లోని పెద్దల్లో దాదాపు నలుగురిలో ఒకరికి చక్కెర వ్యాధి వుంది. మన జాతికి అది ముందే చుట్టం. అందుచేత పిజ్జా మానమని మేము చెప్పము. నలుగురూ కలిసి ఒకటి పంచుకుని, ముందు చారూ పచ్చికూరలూ కడుపులో వేసుకోమంటాము. పాస్తా కొంచెం పలుకుగా వుండగానే దించమనండి. మెత్తగా ఉడికిపోయిన దానికన్నా అది నెమ్మదిగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే సంపాదకుల వారు సంతోషిస్తారు. మాకే తృప్తిగా వుండదు.

"ఎంతమంది?"

మా ఇంట్లో అయిదుగురం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి, అక్క. అక్కది రాయచోటి దగ్గర పల్లె. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఈ దేశానికి ఇళ్ళల్లో పనికి వచ్చిన వేలాది ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. మొదట ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్ళు చేసింది, ఇప్పుడు మా దగ్గర మూడేళ్ళు. ఆ డబ్బుతో ఒక కూతురి పెళ్ళి చేసింది, ఒక కూతురిని తిరుపతిలో నర్సింగు చదివిస్తోంది. మేము అక్కా అంటాము, పిల్లలు పెద్దమ్మా అంటారు. ఆవిడ లేకపోతే మేమిద్దరం ఉద్యోగాలు చేయలేము. ఈ మాట మేము అందరి ముందూ అంటూనే వుంటాము.

గురువారం రాత్రి అయిదుగురం కలిసే బయలుదేరతాము. నేపాలు కుర్రవాడు తలుపు తీసి, "ఎంతమంది?" అంటాడు. "నలుగురం" అంటాము. మేము మూడేళ్ళుగా అదే లెక్క చెబుతూ వచ్చాము. చెప్పేటప్పుడు అబద్ధమాడుతున్నామని ఒక్కసారి కూడా తోచలేదు.

మా అబ్బాయి పది నిమిషాలకన్నా కుర్చీలో కూర్చోడు. అక్క వాణ్ణి తీసుకుని ఆ చేపల తొట్టి ముందు బెంచీ మీద కూర్చునేది. చేపలకు పేర్లు పెట్టేది. ఎర్ర చేప తహశీల్దారు, నల్ల చేప కరణం. వాడు ఆకలైనప్పుడు పరుగున వచ్చి ఒక ముక్క నోట్లో పెట్టించుకుని పోయేవాడు. మేము నిమ్మళంగా భోంచేసేవాళ్ళము. ఇంటికి వెళ్ళాక పది గంటలకు అక్క వంటింట్లో తన అన్నం తను తినేది.

పక్క బల్లల దగ్గరా చాలావరకు ఇదే పద్ధతి. మనవాళ్ళు కూడా కనిపిస్తూ వుంటారు, వాళ్ళదీ ఇదే పద్ధతి. అలాగని అందరూ ఇంతే అనలేము. కొన్ని కువైటీ కుటుంబాలు తమ ఇంటి మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుని, ఆమె ముందు కూడా ఒక ప్లేటు పెట్టించడం మేము కళ్ళారా చూశాము. చూసి, బాగుంది అనుకుని, మా ప్లేటు వైపు తిరిగాము. అక్కకు ఈ తిండి నచ్చదని మా నిశ్చయం. ఆవిణ్ణి అడిగి చేసుకున్న నిశ్చయం కాదు.

అరగంట ముందు మాత్ర

అక్కకు చక్కెర వ్యాధి వుంది. ఊళ్ళో వున్నప్పటి నుంచీ గ్లిపిజైడ్ అనే మాత్ర రెండు పూటలా వేసుకుంటుంది. ఆ మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. వేసుకున్నాక తినకుండా వుంటే, పెరగవలసిన చక్కెర పెరగదు గనుక ఉన్నది కూడా పడిపోతుంది. ఆవిడ మొదట్లో తిన్న తర్వాత వేసుకుంటూ వుంటే, మేమే కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ చెప్పాము. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన చదువు ఇంట్లో మనిషికి ఉపయోగపడిందని సంతోషించాము కూడా.

పోయిన శీతాకాలంలో ఒక గురువారం. హోటలు కిటకిటలాడుతోంది. తెమ్మన్నది రావడానికే ముప్పావు గంట పట్టింది. మేము తినడం మొదలుపెట్టి సగంలో వుండగా మా అబ్బాయి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దమ్మ తహశీల్దారు పేరు మర్చిపోయింది. చలిగా వుంటే చెమట పోస్తోంది" అన్నాడు.

వెళ్ళి చూశాము. చల్లటి చెమట, నుదురు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా చూస్తోంది. వార్డులో ఇలాంటి మనిషిని తలుపు దగ్గర నుంచే గుర్తుపడతాము. ఇక్కడ ఇరవై అడుగుల దూరంలో, గంటన్నర పాటు, మా వీపు అటు తిప్పుకుని కూర్చున్నాము.

నారింజ రసం, చక్కెర అని మేము అరవక ముందే నేపాలు కుర్రవాడు గ్లాసు తెచ్చాడు. వాళ్ళ అమ్మకు కూడా ఈ వ్యాధేనట. చదువరులు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. చక్కెర పడిపోయినప్పుడు మనిషి తెలివిలో వుండి మింగగలిగితే అర గ్లాసు పళ్ళరసమో, మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళో వెంటనే పట్టాలి. ఎదురుగా పిజ్జా వుంది కదా అని అది తినిపించకూడదు. జున్నులోని కొవ్వు చక్కెరను తొందరగా ఒంటికి పట్టనివ్వదు. పావుగంట చూసి, తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక తప్పకుండా భోజనం పెట్టాలి. తెలివి తప్పిన మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 112కు ఫోను చేయాలి.

పావుగంటలో అక్క మామూలు మనిషి అయింది. "మాత్ర ఎప్పుడు వేసుకున్నావు అక్కా?" అని అడిగాము.

"ఏడుంపావుకు ఏసుకుంటినమ్మా. బువ్వకు అర్ధగంట ముందు ఏసుకోమని మీరే గదా చెప్తిరి. బువ్వకు పోదాం పాండి అంటిరి. ఏసుకుని వస్తి."

ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. డాక్టరమ్మ చెప్పిన మాట తప్పలేదని చెప్పుకుంటోంది, అంతే. బువ్వకు పోదామన్న మా మాటలో తనకు కూడా బువ్వ వుందో లేదో ఆవిడకు తెలియదు. మాకూ ఆ ఆలోచన లేదు. మిగిలిన గురువారాలు ఎలా గడిచాయని అడిగాము. కొన్నాళ్ళు ఇంటికి వచ్చాకే మాత్ర వేసుకునేదట. కొన్నాళ్ళు అసలు వేసుకునేది కాదట. ఆ మధ్య మేము కేకలేశామని ఆ రోజు సరిగ్గా వేసుకుంది.

ఇంతలో నేపాలు కుర్రవాడు ఎవరినీ అడగకుండా పక్క బల్ల దగ్గర నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చి మా బల్లకు చేర్చాడు. నలుగురి బల్లకు అయిదో కుర్చీ ఏ ఇబ్బందీ లేకుండా పట్టింది.

"ఏమి తింటావు అక్కా?" అని అడిగాము. ఆ హోటల్లో ఆ ప్రశ్న ఆవిణ్ణి మేము అడగడం అదే మొదలు. అమ్మాయి పట్టిక అంతా చదివి, ఒక్కొక్కదానికీ అర్థం చెప్పింది. చారు, రొట్టె, కూరగాయల పాస్తా తెప్పించాము. చారు రెండు చెంచాలు తాగి అక్క తీర్పు చెప్పింది: "పప్పుచారులో కూరగాయలు ఎక్కువ పడినట్లుండాది. పోపు పెట్టేది మరిసినారు." పాస్తా మీద ఎండుమిరప పొడి వేసుకుంది. పిజ్జా ఒక ముక్క కొరికి, "రొట్టె మింద టమోటా ఊరిబిండి. ఈ మాత్రానికి మూడు దినార్లా!" అని బుగ్గ నొక్కుకుంది. పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగి చూసేలా మా అమ్మాయి నవ్వింది.

ఈ జాతి మాత్రల ప్రభావం చాలా గంటలు వుంటుంది. ఒకసారి తేరుకున్న మనిషికి చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకని ఆ రాత్రి పన్నెండుకు ఒకసారి, మూడింటికి ఒకసారి లేపి పరీక్ష చేశాము. మూడింటికి లేపినప్పుడు, "మీకు రేపు డ్యూటీ లేదామ్మా, పండుకోండి" అంది. మర్నాడు శుక్రవారం అన్న సంగతి కూడా మరిచిపోయి మా నిద్ర గురించి దిగులు పడింది. తర్వాతి వారం ఆవిడ మందు మార్పించాము.

పంక్తిభేదం

ఈ దేశంలో ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదు. తిండి, బట్ట, వైద్యం యజమాని బాధ్యత. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. మేము ఇవన్నీ పాటిస్తున్నాము, జీతం అంతకన్నా ఎక్కువే ఇస్తున్నాము. ఆ సంగతి తలచుకుని లోలోపల కొంత గర్వపడుతూ కూడా వున్నాము. చట్టంలో తిండి మాట వుంది. తినే వేళ, కూర్చునే చోటు మనకు వదిలిపెట్టారు.

మా అమ్మమ్మ గారింట్లో పెళ్ళిళ్ళకు బంతులు వేసి వడ్డించేవారు. ఒకే బంతిలో ఒకరికి నెయ్యి ఎక్కువ, ఒకరికి తక్కువ పడితే, "పంక్తిభేదం మహాపాపం" అని అమ్మమ్మ వడ్డించేవాళ్ళ మీద కోప్పడేది. ఆ మాట మాకు బాగా గుర్తు. అయితే పెరట్లో గిన్నెలు తోమేవాళ్ళు ఏ బంతిలో కూర్చునేవారో గుర్తు లేదు. అసలు ఏ బంతిలోనైనా కూర్చున్నారా అని చిన్నప్పుడు మేము అడగలేదు. బంతిలోకి రానివాళ్ళకు పంక్తిభేదం వర్తించదు కాబోలు! మా గళ్ళ గుడ్డ బల్ల దగ్గర కూడా నలుగురికీ పిజ్జా ముక్కలు సమానంగానే పంచుకున్నాము.

పల్నాడులో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని మనమందరం చిన్నప్పుడు చదువుకున్నాము. 12వ శతాబ్దంలో అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. కారెంపూడిలో వీరుల తిరునాళ్ళలో ఇప్పటికీ దాన్ని తలుచుకుంటూ జరుపుతారు. మన సంఘంలో ఉపన్యాసాలిచ్చే వారందరూ ఆ కథను గొప్పగా చెబుతారు. మేమూ ఒకసారి చెప్పాము. చెప్పిన రోజు అక్క హాలు బయట పిల్లల్ని ఆడిస్తూ వుంది.

ఆసుపత్రిలో కూడా ఇదే కథ. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు చక్కెర పెరిగో, కడుపులో మంటతోనో వస్తూ వుంటారు. రాత్రి ఎన్నింటికి తింటావమ్మా అని అడుగుతాము. "వాళ్ళవి అయినాక" అంటారు. పదకొండు కావచ్చు, పన్నెండు కావచ్చు. అలా కాదమ్మా, వేళకు తినాలి అని మందలించి, చీటీ రాసి పంపుతాము. ఎన్నేళ్ళుగానో ఈ మందలింపు చేస్తున్నాము. వేళ ఆవిడ చేతిలో వుంటే కదా, వేళకు తినడానికి! ఆ మాట చెప్పవలసింది ఇంటి యజమానికి. ఇప్పుడు అలాంటి మనిషి వస్తే, వెంట వచ్చిన యజమానురాలిని కూడా లోపలికి పిలుస్తున్నాము. ఈ మాత్ర వేసుకున్న అరగంటలో ఆమె ముందు ప్లేటు వుండాలి అని మర్యాదగా చెబుతున్నాము. చాలామంది శ్రద్ధగానే వింటున్నారు. ఇంతవరకూ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక మన సంఘం సంగతి. ఉగాది భోజనాలకు మనం పంచే కాగితంలో రెండు గళ్ళు వుంటాయి: పెద్దలు ఎందరు, పిల్లలు ఎందరు. ఆ లెక్కకే విస్తళ్ళు, ఆ లెక్కకే చందా. పోయిన ఏడాది ఆ కాగితం అచ్చు వేయించిన కమిటీలో మేమూ వున్నాము. మేము మా గళ్ళలో రెండు, రెండు అని రాశాము. మా పిల్లవాణ్ణి ఎత్తుకుని అక్క కూడా వచ్చింది. మీలో చాలామంది ఇళ్ళ నుంచి కూడా అలాంటి మనిషి వచ్చే వుంటుంది. కొందరికి చివర్లో వడ్డించారు, కొందరికి పొట్లం కట్టి ఇచ్చారు. ఎవరి మీదా ఫిర్యాదు కాదు ఇది. మా కాగితం మీద ఫిర్యాదు. ఈసారి మూడో గడి అక్కర్లేదు. ఇంటి నుంచి వచ్చేవాళ్ళంతా ఎందరు అని ఒక్క గడి పెడితే చాలు. వాళ్ళ చందా మనమే కడతాము. వాళ్ళు కూడా మన బంతిలోనే కూర్చుంటారు. కమిటీ వారు ఆలోచించాలని మనవి.

ఇదంతా అయ్యాక మా అక్క ప్రతి గురువారం మా బల్ల దగ్గరే కూర్చుని అన్నీ మెచ్చుకుంటోందని అనుకోకండి. ఆవిడకు పిజ్జా నచ్చలేదు. చారు తాగుతుంది, పోపు లేదని ప్రతిసారీ అంటుంది. అబ్బాయిని చేపల దగ్గరికి తీసుకుపోవడం ఇప్పుడు మా ముగ్గురికీ వంతులు. మావారి వంతు వచ్చినప్పుడు ఆయన పిజ్జా చల్లారిపోతోంది. అది మాకు అలవాటు కావలసి వుంది.

మొన్న ఒక శుక్రవారం రాత్రి వెళ్ళాము. అక్క పొద్దున్నే బస్సెక్కి, తన ఊరివాళ్ళను కలవడానికి మాలియా వెళ్ళింది. రాత్రి అక్కడే భోజనం. నేపాలు కుర్రవాడు మమ్మల్ని లెక్కపెట్టి, అయిదో కుర్చీ వైపు చూసి, "ఎంతమంది?" అన్నాడు.

"నలుగురం. పెద్దమ్మకు ఇవాళ సెలవు" అని మా అబ్బాయి చెప్పాడు.